ఎవరి తీగ వారికి తీపి

కొందరు ఆడవాళ్ళకు హాకిన్స్ కుక్కరు తప్ప మరోటి పనికిరాదు. కొందరికి ప్రెస్టీజ్ అంటే ప్రాణం. పప్పు రెండింట్లోనూ ఉడుకుతుంది గదా, ఈ పట్టుదలలేమిటీ అని మగవాళ్ళు నవ్వుతారు. నవ్వేవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. హాకిన్స్ మూత గిన్నె లోపలికి దూరి, లోపల్నించి పైకి బిగుస్తుంది. పాతకాలపు ప్రెస్టీజ్ మూత గిన్నె మీద కూచుని, పక్కకి తిప్పితే బిగుస్తుంది. ఒకదానికి అలవాటైన చెయ్యి రెండోదాని దగ్గర తడబడుతుంది. పొద్దున్నే ఆరింటికి, కళ్ళు సగమే తెరుచుకున్న వేళ, ఆ తడబాటు ఎంత చికాకో వంటింట్లో నిలబడ్డవాళ్ళకే ఎరుక. అది పేరు మీద మోజు కాదండీ, మణికట్టు నేర్చుకున్న విద్య.

ఇంత ఉపోద్ఘాతం దేనికంటే, మా ఇంట్లో ఏడాదిగా గిటార్ల కంపెనీల గొడవ నడుస్తోంది. వినీ వినీ నేను కూడా సగం పండితురాలినయ్యాను.

మాది బిట్రగుంట. విజయవాడ నుంచి గూడూరు వెళ్ళే లైన్లో కావలి దాటాక వస్తుంది. ఇప్పుడు చాలా రైళ్ళు ఆగకుండా పోతున్నాయి గానీ, ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలతో కళకళలాడిన ఊరు. మా మామగారు ఆ షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరై రిటైరయ్యారు. ఆయన ఈడువాళ్ళు ఇద్దరు ఒక అరుగు మీద చేరితే ఈనాటికీ డబ్ల్యూపీ ఇంజను గొప్పదా, డబ్ల్యూజీ గొప్పదా అని వాదించుకుంటారు. తుపాకిగుండు లాంటి ముక్కుతో ప్యాసింజరు బళ్ళు లాగిన డబ్ల్యూపీ ఒకరికి అందగత్తె. గూడ్సు బళ్ళు ఈడ్చిన డబ్ల్యూజీ ఇంకొకరికి ఇంటి ఇల్లాలు. బ్రాడ్‌గేజీ మీద ఆవిరి బండి ఆగిపోయింది 1995లో. వాదన మాత్రం ఆగలేదు. అటువంటి ఇంట్లో పుట్టిన మనవడు గిటార్ల గురించి వాదించక ఇంకేం చేస్తాడు?

మావాడు ఫెండర్ భక్తుడు. వాడి చేతిలో ఉన్నది ఫెండర్ వాళ్ళే చవగ్గా అమ్మే స్క్వయర్ అనుకోండి. పట్టుచీర కట్టలేనివాళ్ళు అదే అంచున్న ఆర్టుసిల్కు కట్టుకున్నట్టు. వాడి స్నేహితుడు, మా వెనకవీధి అబ్బాయి, గిబ్సన్ భక్తుడు. అతగాడి దగ్గరున్నది గిబ్సన్ వాళ్ళదే అయిన ఎపిఫోన్. ఇద్దరూ మొదట నేర్చుకున్నది మాత్రం కలకత్తాలో తయారయ్యే గివ్సన్ మీద. ఆ పేరు వింటే ఏ పేరు గుర్తొస్తుందో నేను చెప్పక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ మా నడవాలో కూచుని మొదలెడతారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ తేడాలు గాలిమాటలు కావు. గిటారు కడుపులో అయస్కాంతాల చుట్టూ సన్నటి రాగితీగ చుట్టి ఉంటుంది. దాన్ని పికప్ అంటారు. పైన ఉక్కు తీగ కదిలితే కింద రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. ఫెండర్ పేరుమోసింది ఒంటిచుట్ట పికప్‌తో. గొంతు గలగలమంటుంది, గాజుల చప్పుడులా స్పష్టం. అయితే దాని చెవి మరీ పల్చన. ఇంట్లో ట్యూబులైటు, ఫ్యాను, మిక్సీ దేని కరెంటునైనా వినేసి, తీగ ముట్టకపోయినా ఝుమ్మని మూలుగుతూనే ఉంటుంది. ఆ మూలుగు పోగొట్టడానికి గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ అనే ఇంజనీరు 1955లో ఒక ఉపాయం కనిపెట్టాడు. రెండు చుట్టలు పక్కపక్కనే పెట్టి, ఒకదానికొకటి ఎదురుగా కలిపాడు. రెండూ మూలుగుతాయి, కానీ ఎదురెదురుగా మూలుగుతాయి కాబట్టి మూలుగుకు మూలుగు చెల్లు. పాట మాత్రం రెండింతలవుతుంది. దీనికి హంబకర్ అని పేరు. సణిగే తోడికోడళ్ళిద్దరిని ఒకే వంటింట్లో పెడితే సణుగుడు కొట్టుకుపోయి వంట రెట్టింపైనట్టన్నమాట. ఇలా జరిగిన ఇల్లు నేనింతవరకూ చూళ్ళేదు. గిటారులో మాత్రం జరుగుతుంది.

మెడ సంగతి వేరే. ఫెండర్ మెడను ఒంటికి మరలతో బిగిస్తారు. లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి. పాడైతే విప్పి మార్చుకునేట్టుండాలని ఆయన లెక్క. అన్నట్టు, ఇన్ని గిటార్లు చేసిన ఆ మహానుభావుడికి గిటారు వాయించడం రాదట! వంట రాకపోయినా కుక్కరు చేసిన పెద్దమనుషులు ఉండరూ? గిబ్సన్ లెస్‌పాల్‌కు మెడను ఒంటికి అతికించేస్తారు. విడదీయడం కష్టం, కానీ స్వరం చాలాసేపు నిలుస్తుందని వాళ్ళ వాదన. మన వీణల్లో లేదా ఈ పంచాయితీ? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి వీణ చేస్తారు. అతుకులేని వీణే వీణ అనేవాళ్ళున్నారు. తంజావూరు వీణ వినాలి అనేవాళ్ళున్నారు. వీణకు లేని తప్పు గిటారుకెందుకు?

ఇక కథలకు లోటు లేదు. గిబ్సన్ అబ్బాయి చెప్పే కథ ఆడవాళ్ళు వినవలసిందే. బి.బి. కింగ్ అనే పెద్ద విద్వాంసుడు 1949లో ఆర్కాన్సా రాష్ట్రంలో ట్విస్ట్ అనే ఊళ్ళో వాయిస్తుంటే, ఇద్దరు మగవాళ్ళు కొట్టుకుని, చలికాచుకునే కిరసనాయిలు పీపాను తన్నేశారు. హాలు అంటుకుంది. కింగ్ బయటికి పరుగెత్తి, గిటారు గుర్తొచ్చి మళ్ళీ మంటల్లోకి పోయి తెచ్చుకున్నాడు. వాళ్ళు కొట్టుకున్నది లుసిల్ అనే ఆవిడ కోసమని తర్వాత తెలిసింది. అలాంటి తెలివితక్కువ పని మళ్ళీ చెయ్యకుండా గుర్తుండాలని తన గిటార్లన్నిటికీ లుసిల్ అని పేరు పెట్టుకున్నాడు. గిబ్సన్ వాళ్ళు ఆ పేరుతోనే గిటారు చేసి అమ్మారు కూడా. కథ బాగానే ఉంది గానీ, ఆ అసలు లుసిల్‌ను ఎవరూ ఒక్కమాట అడిగినట్టు లేదు.

మావాడు ఊరుకుంటాడా? క్లిఫ్ రిచర్డ్ కథ తీశాడు. ఆ ఇంగ్లీషు గాయకుడు పుట్టింది 1940లో మన లక్నోలో. 1959లో ఆయన అమెరికా నుంచి ఒక ఎర్ర ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తెప్పించి తన బృందంలోని హాంక్ మార్విన్ చేతికిచ్చాడు. ఇంగ్లండుకు వచ్చిన మొట్టమొదటి స్ట్రాటోకాస్టర్ అదేనని చెప్పుకుంటారు. ఆ క్లిఫ్ రిచర్డ్ తండ్రి మన రైళ్ళకు భోజనాలందించే కాంట్రాక్టు కంపెనీలో పనిచేసేవాడని వాడు అనేసరికి, వాలుకుర్చీలో కునుకుతున్న మా మామగారు లేచి కూచున్నారు.

"అయితే మనోడే గదరా! ఫెండరే మంచిది పో," అని తీర్పు చెప్పేశారు. ఒక రోజంతా ఆ తీర్పు చెల్లింది.

ఇదంతా వేడుకే. అసలు బాధ మా మేనకోడలిది.

అది మా అన్నయ్య కూతురు. కావలిలో డిగ్రీ చదువుతోంది. ఆదివారం రైలెక్కి వచ్చి వీళ్ళతో కలిసి బేస్ వాయిస్తుంది. బేస్ గిటారంటే నాలుగు లావుపాటి తీగలది. అన్నిటికన్నా కింది తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. మామూలు గిటారు కింది తీగ ఊపులో అది సగం. ఆ స్వరాన్ని సెల్‌ఫోను పలికించలేదు. అందుకే ఇంటిల్లిపాదీ ఫోనులో వీడియో చూసి, "అబ్బాయిలు బాగా వాయించారు, నువ్వేం చేస్తున్నావమ్మా అక్కడ?" అని అడుగుతారు. పాట కింద అది వేసిన పునాది మీద వాళ్ళు గంతులు వేస్తున్నారన్న సంగతి ఎవరికీ పట్టదు. ఇళయరాజా పాటలు విని పెరిగిన వాళ్ళం మనం. గొంతు ఒక దారిన పోతుంటే కింద బేస్ ఇంకో దారిన నడిచి, చరణం దగ్గర వచ్చి చెయ్యి పట్టుకుంటుంది. చెవొగ్గి వింటే ఇంట్లో ఎవరి పని కనపడదో వాళ్ళే గుర్తొస్తారు.

దాని చేతిలో ఉన్నది మావాడు చెన్నైలో కొన్న పాత బేస్. తీగ పొడవు 34 అంగుళాలు. లియో ఫెండర్ 1951లో మొదటి ప్రెసిషన్ బేస్‌కు పెట్టిన కొలత అదే, లోకం చాలావరకు దాన్నే పట్టుకుంది. అంతకుముందు మనిషెత్తు బేస్‌కు మెట్లుండేవి కావు, వయొలిన్‌లాగే అందాజుగా నొక్కాలి. మన వీణకున్నట్టు మెట్లు పెట్టేసరికి స్వరం కచ్చితంగా పలికింది. అందుకే ప్రెసిషన్ అని పేరు. గొప్ప పనే. కానీ ఆ కొలత మీద నాలుగో మెట్టు చేరాలంటే 7 అంగుళాలు సాగాలి. మా పిల్ల జానెడు చెయ్యి చాపితే అంతే సరి. గంట వాయించేసరికి మణికట్టు పట్టేసేది. రాత్రి జండూబామ్ రాసుకుని పడుకునేది.

తీగ పొడవు 30 అంగుళాలుండే బేస్‌లు కూడా ఉన్నాయి. వాటి మీద నాలుగో మెట్టు 6 అంగుళాల పైచిలుకులో అందుతుంది. అంగుళం లోపు తేడా. చీర అంచులో అంగుళం తేడా ఎంత లెక్కో మనకు తెలుసు గదా, వేళ్ళకు అంతకంటే ఎక్కువ లెక్క. అదొకటి కొనుక్కుంటానని మేనకోడలు నోరు తెరిచి అడిగింది.

"అది చిన్నపిల్లల బేస్ మే," అని మావాడు నవ్వాడు. "కరోల్ కే అని అమెరికాలో ఒకావిడుంది, 1960లలో లాస్ ఏంజెలస్ స్టూడియోలన్నీ ఏలింది. ఆవిడ వాయించింది పెద్ద ఫెండరే. ఆడదే గదా?"

"ఆమె చెయ్యి ఆమెది బావా, నా చెయ్యి నాది," అంది పిల్ల. "పాల్ మెకార్ట్నీ వాయించిన హాఫ్నర్ బేస్ కూడా 30 అంగుళాలదే. ఆయన చిన్నపిల్లోడా?"

మావాడికి నోట మాట లేదు. బీటిల్స్‌ను కాదనే ధైర్యం ఏ గిటారు భక్తుడికి మాత్రం ఉంటుంది? ఆ హాఫ్నర్ కథ నాకు భలే నచ్చింది. 1961లో హాంబర్గ్‌లో ఆయన దాన్ని కొన్నది ఒకటి చవకని, రెండు తను ఎడంచేతివాటం మనిషి కనుక. వయొలిన్ ఆకారం రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి తిరగేసి పట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదని. పేరు చూసి కాదండీ, జేబూ చెయ్యీ చూసి కొన్నాడు. ఆ వాద్యం 1972లో దొంగలపాలై, మళ్ళీ దొరికిందని 2024లో లోకానికి తెలిసింది. అన్నేళ్ళూ ఆయనకు డబ్బులేకనా దాన్ని తలుచుకున్నది?

మా అన్నయ్య మాత్రం ససేమిరా అన్నాడు. "ఉన్నదానికేం రోగం? బావ ఇచ్చింది మోగుతుండాది గదా. మళ్ళీ వేలు పోసి ఇంకోటా?" అన్నాడు. వాడి మాటా కొట్టేసేది కాదు. ఫీజులు కట్టే తండ్రి వాడు. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. నా దగ్గరికొచ్చి కందిపప్పు ఏరుతూ మెల్లగా అంది, "బేస్ మానేస్తాలే అత్తా. నన్ను పాడమంటున్నారు. ఆడపిల్లంటే పాడాల గదా." పాడటం తప్పా అంటే తప్పు కాదు. కానీ అది పాడాలని వచ్చిన పిల్ల కాదు. పాట కింద నడిచే దారి వెతుక్కుంటూ వచ్చిన పిల్ల. ఒక అంగుళం కోసం దాని దారి మారిపోతోంది.

మర్నాడు అన్నయ్యకు ఫోను చేశాను. "బావ చెప్పులు గట్టిగానే ఉన్నాయి. మళ్ళీ కొనడం ఎందుకూ, అవే వేసుకుని కాలేజీకి పొమ్మంటావా నీ కూతుర్ని?" అన్నాను. వాడు నవ్వాడు. నవ్వినా లొంగలేదు. "చెప్పులూ ఇదీ ఒకటేనా?" అన్నాడు.

అప్పుడు మా మామగారు ఫోను ఇమ్మని చెయ్యి చాపారు. ఆయన ఎవరింటి విషయాల్లోనూ కలగజేసుకునే మనిషి కాదు.

"ఒరే అబ్బయా, మేము బొగ్గు ఎత్తిపోసేటప్పుడు పార పిడి మన చేతికి కుదరకపోతే నెల్లూరు చేరేలోపల నడుం పడిపోయేది. నా పార నేను ఇంకోడికి ముట్టనిచ్చేవాణ్ణి కాదు. దానికి పేరేందని ఎవడన్నా అడిగినాడా? బండి టయానికి పోయిందా లేదా అదే అడిగినారు. ఆ బిడ్డ చేతికి కుదిరింది కొనియ్యి. సగం నా పెన్షన్లో పెట్టుకో."

పెద్దాయన పెన్షను మాట ఎత్తేసరికి అన్నయ్య మెత్తబడ్డాడు. సగం తీసుకోలేదు గానీ సరేనన్నాడు.

చెన్నైలో కొట్టుకు నేనూ వెళ్ళాను. గోడనిండా గిటార్లు, మిఠాయికొట్టులా రంగురంగులు. కంపెనీ పేరు గిటారు తల మీద రాసి ఉంటుంది. మావాడు ఆ పేర్లు చదవడం మొదలెట్టాడు. నేను చేతిసంచిలోంచి రుమాళ్ళు తీసి, కొట్టు కుర్రాడితో, "నాయనా, పొట్టి బేస్‌లు నాలుగు దించి, తలలకు ఇవి చుట్టు," అన్నాను. వాడు వింతగా చూసి చుట్టాడు. పిల్ల కళ్ళు మూసుకుని ఒక్కోటీ ఒళ్ళో పెట్టుకుని వాయించింది. మెకార్ట్నీని తలుచుకుని వయొలిన్ ఆకారపుదాని మీద ఆశపడి వచ్చింది గానీ, అది తన ఒడిలో కుదరలేదంది. మూడోది తీసుకుంది. వేళ్ళు నాలుగో మెట్టుకు చేరడం, మొహం విచ్చుకోవడం ఒకేసారి జరిగాయి. "ఇదత్తా," అంది. అంతే.

రుమాలు విప్పి చూస్తే, అది మావాడి కంపెనీదీ కాదు, వెనకవీధి అబ్బాయి కంపెనీదీ కాదు. పేరు చెబితే మీ ఇళ్ళలో కూడా గొడవలు లేస్తాయని చెప్పడం లేదు.

పేరు వట్టిదని నేననను. మంచి పేరు వెనుక ఒక మనిషి కొలత, ఓపిక ఉంటాయి. కానీ ఆ కొలత అందరికీ అచ్చిరావాలని లేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్‌నే తీసుకోండి. మాండలిన్‌కు నాలుగు జతల తీగలు లోకమంతటా ఆచారం. ఆయన జంటలు తీసేసి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. ఆచారానికి తగ్గట్టు గమకాన్ని కత్తిరించుకోలేదు, గమకానికి తగ్గట్టు వాద్యాన్ని మార్చుకున్నాడు. 2014లో, 45 ఏళ్ళకే వెళ్ళిపోయిన ఆయన్ను ఇవాళ తలుచుకునేవాళ్ళు ఆ మాండలిన్ ఏ కంపెనీదని అడగరు.

ఆడవాళ్ళం మనకు ఇది ఇంకొంచెం బాగా తెలియాలి. పుట్టింట్లో అన్నయ్య చదివిన పుస్తకాలు, అక్క వేసుకున్న లంగాలు, అత్తింట్లో అత్తగారి రోలు, ఆవిడ ఎత్తుకు కట్టించిన పొయ్యి గట్టు. ఉన్నదాంతో సర్దుకోవడమే గొప్ప గుణమని అందరూ మెచ్చుకున్నారు. ఆ గట్టు ముందు వంగి వంగి ఎన్ని నడుములు అరిగాయో ఎవరూ లెక్కపెట్టలేదు. అందుకని ఇంట్లో పిల్ల ఫలానాదే కావాలి అన్నప్పుడు, మోజా, అవసరమా అని ముందు దాని చెయ్యి పట్టుకుని చూడండి. మోజయితే చెయ్యి ఏమీ చెప్పదు. అవసరమయితే మణికట్టే చెబుతుంది.

మా నడవాలో యుద్ధం యథాప్రకారం సాగుతోంది. ఫెండర్ గిబ్సన్‌ను గెలవలేదు, గిబ్సన్ ఫెండర్‌కు లొంగలేదు. ఇప్పుడు మూడో పక్షం కూడా చేరింది. పైగా మావాడు మరదలు లేనప్పుడు ఆ "చిన్నపిల్లల" బేస్‌ను చప్పుడు కాకుండా తీసి వాయించుకోవడం నేను రెండుసార్లు చూశాను.

దాని తీర్పు మాత్రం మా వంటింట్లో దొరుకుతుంది. ఆదివారం సాయంత్రం పిల్ల కింది తీగ మీటిందంటే, ఆ స్వరం నా చెవికంటే ముందు స్టాండులోని స్టీలు గ్లాసులకు అందుతుంది. సన్నగా గలగలమంటాయి. మావారు పేపర్లోంచి తలెత్తి, "ఏ బండి అది, గూడ్సా?" అంటారు.

"కాదు. మీ మేనకోడలు," అంటాను.